మచ్చలేని దుంప

కూస్కో కొండల్లోని పుమాపంపా ఊళ్ళో మగవాడు దుంపలు దాచే కొట్టులో కాలు పెట్టడు. పెడితే ఆ ఏటి బంగాళాదుంపలు నాట్ల దాకా రావు. ఎందుకు రావంటే, మగవాడు గుట్టని చూడగానే అందులో ఎన్ని సారా సీసాలున్నాయో చూస్తాడట. ఆ చూపుకి దుంపలు హడలిపోయి కుంగిపోతాయట. ఇది ఆడవాళ్ళు చెప్పే మాట. ఇన్ని తరాలుగా ఒక్క మగవాడూ దీనికి ఎదురు చెప్పలేదంటే, చూడండి మరి, ఏదో నిజం ఉండే ఉంటుంది.

మెల్చోరా కొట్టు ఊరి పై అంచున ఉంది. మట్టి ఇటుకల గోడలు, గడ్డి కప్పు, పిల్లి దూరేంత కిటికీ ఒకటి. దాని తాళంచెవి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె నడుముకే వేళ్ళాడుతోంది. అంతకు ముందు అది ఆమె అత్త తొమాసా నడుముకి ఉండేది.

పంతొమ్మిదేళ్ళప్పుడు మెల్చోరా ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన రోజే అత్త ఆమె చేతిలో ఒక దుంప పెట్టింది. ఒళ్ళంతా బొడిపెలు, గుంటలు. ఆ రకం పేరే ‘కోడల్ని ఏడిపించేది’. తొక్క మాత్రమే పోవాలి, కండ పోకూడదు. మెల్చోరా పొద్దుగూకే దాకా గీకింది. ఏడవలేదు గానీ వేలు కోసుకుంది. “పనికొస్తావులే” అంది అత్త. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆవిడ నోట ఇంకో మెచ్చుకోలు రాలేదు. పదకొండేళ్ళకి మోకాళ్ళు వంగక, గుట్టల దగ్గర కూర్చోలేక, తాళంచెవి తీసి కోడలి నడుముకి కట్టి, చెవిలో రెండు ముక్కలు ఊదింది. కొట్టులో అడుగు పెడుతూ దుంపలతో అనాల్సిన మాటలవి. ఇంకెవరికీ తెలియకూడదు.

మెల్చోరా పని చూసి తీరాలి. కింద గడ్డి పరుపు, దాని మీద ఒక వరస దుంపలు, వాటి మీద మూన్యా ఆకు, మళ్ళీ దుంపలు, మళ్ళీ ఆకు. మూన్యా ఘాటుకి పురుగు దగ్గరికి రాదు, మొలక బద్ధకిస్తుంది. విత్తనం గుట్ట కిటికీ కింద, వెలుతురు తగిలి పచ్చబడాలి కాబట్టి. సంతలో మొక్కజొన్నకి, ఉప్పుకి మార్చుకునే గుట్ట నడిమధ్యన. ఇంటి గుట్ట ఎడమ మూల చీకట్లో. అందులో పసుపు దుంపలుంటాయి. ఉడికిస్తే తొక్క పగిలి పిండిలా విచ్చుకునే రకం. పది రోజులకోసారి ప్రతి దుంపనీ చేత్తో తడిమి, మెత్తబడిందీ మచ్చపడిందీ ఏరి బుట్టలో వేస్తుంది. ఆ బుట్టే వంటింటికి వెళ్తుంది. పాడవబోయేది ముందు వండాలి, బాగున్నది ఉంచాలి. ఇది అత్త పెట్టిన కట్టుబాటు. మెల్చోరా దాన్ని ఒక్కరోజు కూడా తప్పలేదు. చేదు రకాలైతే జూన్ చలికాలపు మంచుకి గడ్డకట్టించి, తెల్లారి వట్టికాళ్ళతో తొక్కి, చూనో అనే ఒరుగులుగా ఎండబెట్టేది. అవి పదేళ్ళయినా ఉంటాయి. వాటితో ఆమెకి ఏ బెంగా లేదు.

బెంగంతా తాళంచెవి గురించి. ఇప్పుడు ఆమె మోకాళ్ళు కూడా వంగడం మానేశాయి. ఈ నాట్లకి ముందు తాళంచెవి ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఇవ్వాల్సింది కోడలు యుడిత్‌కి. అక్కడే వచ్చింది చిక్కు.

యుడిత్ కింద లోయలో, మొక్కజొన్న పండే ఊరి పిల్ల. నోరు జాస్తి. పెళ్ళయి వచ్చిన రోజు మెల్చోరా ఆచారం ప్రకారం ఆమె చేతిలోనూ బొడిపెల దుంప పెట్టింది. ఆ పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి, కుండలో పడేసి ఉడకబెట్టి, తొక్క చిటికెలో ఊడదీసి తెచ్చి ఇచ్చింది.

“ఇదేం పనే?” అంది మెల్చోరా.

“పచ్చిదే ఒలవాలని ఎవరన్నారత్తా? నువ్వు చెప్పలేదు కదా.”

ఆ మాటకి మెల్చోరాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొడుకు ఎలిసెయో రోడ్డు పనులకి వెళ్ళి, శనివారం వచ్చి ఆదివారం తెల్లవారుజామునే వెళ్ళిపోయేవాడు కాబట్టి అత్తాకోడళ్ళకి ఒకరికొకరు తప్ప దిక్కు లేదు. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత పసుపు దుంపల గుట్ట కుంగడం మొదలైంది.

వారానికి ఐదారు పోతున్నాయి. అదీ పైవరసలోవి, ఎంచి ఎంచి తీసినట్టు, ఒక్క మచ్చలేనివి! పైవరస మెల్చోరా తన చేత్తో పేర్చుకున్నది. ఏ దుంప పక్కన ఏది ఉందో ఆమెకి తెలుసు. ఎలకలా? ఎలక కొరుకుతుంది గానీ మోసుకెళ్ళదు. అయినా పిల్లిని తెచ్చి పెట్టింది. పిల్లి బలిసింది, దుంపలు మాత్రం పోతూనే ఉన్నాయి. పోయేది ఆదివారాలే. ఆదివారం ఆమె సంతకి దిగేది. తాళంచెవి వంటింటి మేకుకి తగిలించేది. మొగుడు గొర్రెలు తోలుకెళ్ళేవాడు. ఇంట్లో మిగిలేది యుడిత్. ఇంక వేరే ఆలోచించేదేముంది?

దానికి తోడు పక్కింటి నజారియా. ముసలిది పొద్దస్తమానం గోడ పక్కన ఎండకి కూర్చుని ఊరందర్నీ కనిపెడుతూ ఉంటుంది. ఒక సోమవారం మూతి ముడుచుకుని వచ్చింది.

“ఏం వదినా, అంత పొగరు? నిన్న కొట్టులోంచి వస్తుంటే పిలిచాను. తల తిప్పకుండా పోయావు. పైగా ఆ నడకేంటి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ? మోకాళ్ళ నొప్పులా?”

“నిన్న నేను సంతలో ఉన్నాను నజారియా. నీ కళ్ళకి పొరలొచ్చాయి.”

“పొరలు నీ బుద్ధికొచ్చాయి! నీ ఎర్ర లంగా నాకు తెలీదూ?”

ఎర్ర లంగా! నడుము పట్టక మూడేళ్ళ కిందట పెట్టెలో పడేసిన లంగా. ఆ పిల్ల తన లంగా కట్టుకుని, తన టోపీ పెట్టుకుని, పట్టపగలు తన కొట్టు దోచి పుట్టింటికి పంపుతోందన్నమాట! మెల్చోరా ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే, మొగుడు సిప్రియానో పొయ్యి దగ్గర చలి కాగుతుండగా, కోడల్ని నిలబెట్టి అడిగేసింది.

“దొంగచేతికి తాళంచెవి ఇవ్వను. అది నాతోపాటే మట్టిలోకి పోతుంది.”

యుడిత్‌కి మాట రాలేదు. నోరు జాస్తి అని చెప్పానే, ఆ పిల్లకి! కాసేపటికి, “మామా, నువ్వైనా చెప్పు” అంది. సిప్రియానో పొయ్యిలోకే చూస్తూ, “నాకేం తెలుసమ్మా ఆడవాళ్ళ సంగతి?” అని గొణిగాడు. యుడిత్ లోపలికి వెళ్ళి మూట కట్టుకుంది. “దొంగ అన్న ఇంట్లో నేనుండను. శనివారం మీ అబ్బాయి రాగానే చెప్పి, మా ఊరి లారీ ఎక్కేస్తాను.”

ఆ శనివారమే ఇంజినీరు వచ్చాడు.

కూస్కో నుంచి వచ్చాడు, రొములో అని పేరు. కుర్రవాడు, నిట్రాయంత పొడుగు. రంగురంగుల దుంపలతో చిప్స్ చేసే పథకం ఒకటి ఊరికి వచ్చింది. పథకంవాళ్ళు ఊరి కింద రేకుల గోదాము కట్టారు. అందులో దుంపలు నెల తిరక్కుండా మొలకల గడ్డాలు పెంచాయి, సగం పచ్చబడ్డాయి. మిగిలినవి నూనెలో వేస్తే బొగ్గులయ్యాయి. ఈ ఏడు సంఘం పెద్ద సిప్రియానో. మీసంలో ఉన్న మూడు వెంట్రుకలూ మెలేస్తూ, “మా ఆవిడ కొట్టులో దుంప నిన్న తవ్వినట్టుంటుంది బాబూ, వచ్చి చూడండి” అని మాటిచ్చేశాడు. ఏ నోటితో ఇచ్చాడో ఆయనకే తెలియాలి.

“అమ్మా, మావి వేయిస్తే నల్లబడుతున్నాయి. ఎందుకంటారు?” అన్నాడు రొములో వాకిట్లో కూర్చుని.

“చలికి దుంప తియ్యబడుతుంది బాబూ. తియ్యబడ్డది నూనెలో మాడక ఏం చేస్తుంది? పొయ్యి గోడ పక్కన రెండు వారాలు వెచ్చగా పడుకోబెట్టు. తీపి దిగిపోతుంది. అప్పుడు వేయించు.”

రొములో గబగబా రాసుకుని లేచాడు. “ఒక్కసారి లోపలికెళ్ళి చూస్తానమ్మా. గాలి ఎలా ఆడుతోందో, ఆకు ఎన్ని పొరలు వేశారో...”

“మగవాళ్ళు వెళ్ళరు.”

“రెండే నిమిషాలు.”

“రెండు నిమిషాలు చాలు బాబూ కొంప ముంచడానికి.”

సిప్రియానో మొహం మాడిపోయింది. మాటిచ్చాడాయె. అటు చూశాడు, ఇటు చూశాడు, ఉన్నట్టుండి అనేశాడు: “లంగా కడితే సరి!”

“ఏంటీ?”

“దుంపలు నేల మీదుంటాయి కదే. వాటికి ఆనేది లంగా అంచు. మొహం దాకా ఎక్కడ చూస్తాయి?”

మెల్చోరా ఆలోచనలో పడింది. అత్త చెప్పినవాటిలో ఇది లేదు. గోడ మీంచి నజారియా, “కట్టించు వదినా! చచ్చేలోగా ఇంజినీరుని లంగాలో చూసి పోతాను!” అని అరిచింది. మూట మీద కూర్చుని మొగుడి కోసం దారి చూస్తున్న యుడిత్ కూడా ఆ ఏడుపు మొహంతోనే ఇటు తిరిగింది.

మెల్చోరా పెట్టె తెరిచి ఎర్ర లంగా తీసింది. అంచుకి గడ్డిపరకలు, ఎండిన మూన్యా ఆకులు అంటుకుని ఉన్నాయి. మూడేళ్ళుగా పెట్టెలో ఉన్న లంగాకి! ఆమె ఏమీ అనలేదు. కోడలి వైపు ఒక్క చూపు చూసి, లంగాని ఇంజినీరు మీదికి విసిరింది.

రొములో మంచివాడు. బూట్లు విప్పి, ప్యాంటు మీదే కట్టుకున్నాడు. లంగా మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. ముడి వెయ్యడం చేతకాక తంటాలు పడుతుంటే సిప్రియానో చొరవగా వెళ్ళి, “ముడి ఎడమ పక్కకి వెయ్యాలి బాబూ. వెనక్కి వేస్తే గుమ్మం గడియకి తగులుకుంటుంది” అని చకచకా బిగించేశాడు.

మెల్చోరా కనుబొమలు ముడిపడ్డాయి. కానీ అప్పటికి తలుపు తీస్తోంది, పట్టించుకోలేదు.

“అడుగు పెడుతూ ఒక మాట అనాలి” అన్నాడు సిప్రియానో, ఇంజినీరు చెవి దగ్గర. “సన్నగా అనాలి, లేకపోతే ఉలిక్కిపడతాయి: ‘నేనే తల్లుల్లారా, లేవకండి, పడుకోండి.’”

మెల్చోరా చేతిలో తాళంచెవి ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట అత్త తన చెవిలో ఊదిన మాటలవి.

“నీకెలా తెలుసయ్యా ఆ మాట?”

“గొర్రెలు... గొర్రెలు తోలుకెళ్తూ గోడ పక్కన విన్నానే.”

రొములో తన టోపీ సర్దుకుని, పిల్లిలా సన్నగా “నేనే తల్లుల్లారా” అంటూ లోపలికి దూరాడు. ఒక అడుగు. రెండో అడుగు.

“బాబూ, దూలం! తల వంచు!” అని సిప్రియానో కేక పెట్టాడు. లోపల ఠంగుమని చప్పుడు, “అమ్మో” అన్న అరుపు. “చెప్తూనే ఉన్నాను! ఎడమ మూలకి వెళ్ళకు, గడ్డి జారుతుంది, పసుపు దుంపల గుట్ట మీద పడతా...”

అప్పుడు నోరు మూసుకున్నాడు. మూసుకుని ఏం లాభం?

ముందు తేరుకున్నది నజారియా. “ఓహో! కాళ్ళు ఎడంగా వేసింది నువ్వా అన్నా! నా కళ్ళకి పొరల్లేవు వదినా, విన్నావా? లేవు!” అని గోడని చరిచి చరిచి నవ్వింది.

“నీ దుంపతెగ!” అంది మెల్చోరా. “లంగా కట్టుకుని, టోపీ పెట్టుకుని, నా కొట్టులో...”

“ఊరికే వెళ్ళలేదే! ఆచారం తప్పలేదు. లంగా లేకుండా ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు, కావాలంటే ఆ దుంపల్నే అడుగు.”

“ఆ పిల్లని దొంగన్నాను. నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని విన్నావు. విని ఊరుకున్నావు!”

సిప్రియానో తల దించుకున్నాడు. “సంఘం పెద్దని. లంగా కట్టుకుని దొంగతనం చేశానంటే ఊళ్ళో మొహం ఎలా చూపించనే? చెప్దామనుకుంటూనే ఉన్నాను. శనివారం లోపు చెప్దామనుకున్నాను.”

“ఈవేళ శనివారమే మామా” అంది యుడిత్.

“తాగడానికేగా? ఎవడికి అమ్మావు?” అంది మెల్చోరా.

“అమ్మడమా!” సిప్రియానో తలెత్తాడు. ఇంతసేపూ లేని రోషం ఇప్పుడు వచ్చింది. “గొర్రెల దగ్గర మట్టిపెళ్ళలతో చిన్న ఆవం కట్టి కాల్చుకు తిన్నాను. నేనే తిన్నాను. నలభై రెండేళ్ళయింది నీతో కాపురం చేసి. ఒక్క మచ్చలేని దుంప నా గిన్నెలో వేశావా నువ్వు? మెత్తబడిందీ, మొలకొచ్చిందీ, పురుగు తొలిచిందీ! ఇవాళ పాడయ్యేది ఇవాళ వండుతావు. రేపటికి ఇంకోటి పాడవుతుంది, అది వండుతావు. ఊళ్ళోకెల్లా మంచి కొట్టు మనదట! ఆ మంచిది సంతలో వాళ్ళు తింటారు, నేల తింటుంది, నేను మాత్రం కుళ్ళింది కోసేసి మిగిలింది తినాలి!”

మెల్చోరా నోరు తెరిచింది. గట్టిగా ఏదో అందామనే తెరిచింది. పాడవబోయేది ముందు వండాలని అందామనుకుంది. కానీ అంతలో ఒకటి తట్టింది. ఆయన గిన్నెలోవి తన గిన్నెలోనూ పడ్డాయి. ఇంకా చెప్పాలంటే ఆయన గిన్నెలో వేశాక మిగిలిన అధ్వాన్నమైనవే తనకి. పసుపు దుంప మచ్చ లేకుండా, నిండుగా, విచ్చుకుని... ఎలా ఉంటుందది? ఎంత తల్చుకున్నా నాలిక మీదికి ఏమీ రాలేదు.

ఆ సమయానికి రొములో నుదుటి మీద బొప్పితో, టోపీ పక్కకి ఒరిగి బయటికొచ్చాడు. “అమ్మా, అద్భుతం! ఒక్క మొలక లేదు! ఒక్క...” అని చుట్టూ చూసి ఆగిపోయాడు. “ఏమైంది?”

“కూర్చో బాబూ” అంది నజారియా. “నీ పని అయింది, ఇక్కడ అసలు పని ఇప్పుడే మొదలైంది.”

మెల్చోరా నడుము నుంచి తాళంచెవి తాడు విప్పింది. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కోడలి మూట దాకా నడిచింది. “తప్పు నాది” అంది అందరూ వినేలా. “గుట్టలో ప్రతి దుంపనీ తడిమి చూసే చెయ్యి ఇది. నిన్ను మాత్రం చూడకుండానే పక్కన పడేశాను. తీసుకో.”

యుడిత్ వెంటనే తీసుకోలేదు. కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది, ఆ తర్వాత పాత యుడిత్ మళ్ళీ వచ్చింది. “తీసుకుంటాను గానీ ఒక షరతు అత్తా. వారానికో రోజు గుట్ట పైనుంచి వండుతాను.”

“పైనుంచా?” మెల్చోరా తాడుని మళ్ళీ గుప్పిట్లో బిగించింది. “పైవరసా?”

“పైవరసే. మాట్లాడావంటే లారీ ఎక్కేస్తాను.”

మెల్చోరా ఒకసారి కొట్టు వైపు చూసింది. తాళంచెవి కోడలి నడుముకి తనే కట్టి, చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఆ మాట అప్పటికే ఇంజినీరుకీ, గోడ మీది నజారియాకీ తెలిసిపోయింది; అయినా చెవిలోనే చెప్పింది.

యుడిత్ లోపలికెళ్ళి ఒడి నిండా పసుపు దుంపలు తెచ్చింది. సిప్రియానో ఎవరూ చెప్పకుండానే వాకిలి చివర మట్టిపెళ్ళలు పేర్చి లోపల మంట పెట్టాడు. ఆయన చెయ్యి ఎంత వాటంగా సాగిందంటే, ఎన్ని ఆదివారాలు అలవాటయిందో అందరికీ తెలిసిపోయింది. పెళ్ళలు ఎర్రగా కాలాక దుంపలు లోపల వేసి కూల్చి కప్పారు. మధ్యాహ్నం దాటేసరికి ఎలిసెయో వచ్చాడు. పెళ్ళాం మూట, లంగాలో ఉన్న ఇంజినీరు, తండ్రి వాలకం చూసి ఏం అడగాలో తెలియక కూర్చుండిపోయాడు.

మట్టి తవ్వి దుంపలు తీశారు. మెల్చోరా చెయ్యి తనంతట తనే కుప్పలోకి వెళ్ళి, పక్క మాడిన చిన్నదాన్ని ఏరుకుంది. యుడిత్ ఆ చేతి మీద ఒక్కటిచ్చి, మాడినదాన్ని లాక్కుని, అన్నిట్లోకీ పెద్దది, నున్నటిది, తొక్క పగిలి పసుప్పచ్చగా విచ్చుకున్నది పెట్టింది.

మెల్చోరా దాన్ని తిప్పి తిప్పి చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది, మచ్చ కోసం వెతికింది. లేదు. కొరికింది. నమిలింది. చాలాసేపు నమిలింది.

“ఇంత బాగుంటుందా ఇది?” అంది చివరికి. ఆ తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మా అత్త... మా అత్త దీని రుచి తెలీకుండానే పోయిందే యుడిత్.”

యుడిత్ దగ్గరగా జరిగి, ఆమె ఒళ్ళో ఇంకోటి పెట్టింది. సిప్రియానో మెల్లిగా కుప్ప వైపు చెయ్యి చాచాడు.

“ముందు ఆ లంగా ఉతికి తీసుకురా” అంది మెల్చోరా, నోటి నిండా దుంపతో.

ఇంజినీరు ఒంటి మీంచి లంగా విప్పించుకుని, ఊరి సంఘం పెద్ద కాలవ గట్టుకి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. మెల్చోరా ఆ రోజు ఆరు తింది.